ప్రమాద గాయములు: చికిత్స, వ్యయము, పంచాయతీల బాధ్యత

పూర్వము గ్రామమున కలరా గాని మశూచి గాని కనిపించినచో పెద్దలు ఆనాడే రచ్చబండవద్ద చేరుచుండిరి. బావులలో మందు చల్లించుట, రోగిని వేరుగా నుంచుట, టీకాల ఉద్యోగికి కబురంపుట మున్నగు పనులను ఊరుమ్మడి పనులుగా నెంచుచుండిరి. ఆ పట్టుదల ఫలించినది. మశూచి లోకమునుండియే తొలగిపోయినదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లో ప్రకటించినది. కలరా భయము చాలవరకు తగ్గినది.

నేడు గ్రామములను పీడించు ఆపద మరియొక రూపమున నున్నది. రహదారిపై మోటారు ప్రమాదము, ట్రాక్టరు బోల్తాపడుట, నూర్పిడి యంత్రములో చేయి చిక్కుకొనుట, తాటిచెట్టుపైనుండి జారిపడుట, ఇల్లు కట్టుచు పరంజిమీదినుండి క్రిందపడుట మొదలైనవి నిత్యము వినుచున్న సంగతులే. కాని వీనిని మనమింకను ఊరుమ్మడి విషయములుగా తలపోయుట లేదు. “పాపము, వాని గ్రహచారము” అని నిట్టూర్చి ఎవరి పనికి వారు పోవుచున్నాము. గాయపడినవాని కుటుంబము మాత్రము ఒంటరిగా ఆసుపత్రులచుట్టు తిరిగి, పాడిపశువుల నమ్మి, పొలము కుదువబెట్టి, ఒక్కొక్కప్పుడు మనిషిని కూడ దక్కించుకొనలేక తిరిగివచ్చుచున్నది. గాయమునకగు వ్యయము ఎట్లు పెరుగునో, చికిత్సాఫలితము దేనిపై ఆధారపడునో, పంచాయతీ సభ్యులు చేయగల సహాయమేమో ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

ఆపద యొక్క పరిమాణము

కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వశాఖ ప్రకటించిన లెక్కలనుబట్టి 2022వ సంవత్సరమున మన దేశమున 4,61,312 రహదారి ప్రమాదములు జరిగినవి. వానిలో 1,68,491 మంది మరణించిరి. 4,43,366 మంది గాయపడిరి. అనగా దినమునకు సుమారు 460 మంది చొప్పున మరణించినారు. అదే సంవత్సరమున ఆంధ్రప్రదేశ్‌లో 8,293 మంది, తెలంగాణములో 7,559 మంది రహదారులపై ప్రాణములు కోల్పోయిరి.

ఈ ప్రమాదములు పట్టణములకు సంబంధించినవని కొందరనుకొందురు. అది పొరపాటు. 2022లో సంభవించిన రహదారి మరణములలో నూటికి 68 గ్రామీణ ప్రాంతములందే జరిగినవి. మరణించినవారిలో నూటికి 44 మందికి పైగా మోటారు సైకిళ్లవంటి ద్విచక్ర వాహనములపై ప్రయాణించినవారే. శిరస్త్రాణము, అనగా హెల్మెట్టు, ధరింపకపోవుటచేత మరణించినవారు 50,029 మంది.

ఈ లెక్కలు రహదారి ప్రమాదములకు సంబంధించినవి మాత్రమే. చెట్లపైనుండి పడిన గీతకార్మికులు, యంత్రములలో వ్రేళ్లు పోగొట్టుకొన్న కూలీలు ఇందులో చేరలేదు. మరణించినవారిలోను, అంగహీనులైనవారిలోను పెక్కుమంది కుటుంబమును పోషించు వయస్సులో నున్నవారు. వృద్ధాప్యమున వచ్చు వ్యాధికిని, యౌవనమున తగులు గాయమునకును ఇదియే ప్రధానమైన భేదము. గాయము ఒక మనిషిని పడవేయునప్పుడు అతని సంపాదనపై నిలిచిన ఇల్లంతయు కదలిపోవును.

గాయము ప్రాణము నెట్లు హరించును?

పెద్దవయసు మనుష్యుని శరీరమున ఇంచుమించుగా 5 లీటర్ల రక్తముండును. అందులో 2 లీటర్లు పోయినచో ప్రాణమునకే ముప్పు. తొడ ఎముక విరిగినప్పుడు వెలుపల ఒక్క చుక్కయు కనిపింపకుండగనే లోలోపల లీటరుకు పైగా రక్తము స్రవింపవచ్చును. కటి ఎముకలు చితికినప్పుడు అంతకంటె హెచ్చుగా స్రవించును. కావున “నెత్తురు రాలేదు, భయము లేదు” అని తలచుట ప్రమాదకరము. స్పృహతప్పినవాని నాలుక వెనుకకు జారిగాని, నోటిలోని రక్తము, వాంతి శ్వాసనాళమున చేరిగాని కొలది నిమిషములలో ఊపిరి ఆగవచ్చును. తలకు దెబ్బ తగిలినవాడు మొదట లేచి మాటలాడి, కొన్ని గంటల తరువాత మత్తులోనికి జారిపోవుట కూడ కలదు. పుఱ్ఱెలోపల రక్తము గడ్డకట్టి మెదడును నొక్కుటయే దీనికి కారణము.

ఈ మూడింటికిని కాలమే ముఖ్యము. గాయపడిన తరువాతి మొదటి గంటను వైద్యులు “బంగారు గంట” అందురు. అమెరికాలోని బాల్టిమోరు నగరమున పనిచేసిన ఆడమ్స్ కౌలీ అను శస్త్రవైద్యుడు ఈ భావమునకు ప్రచారము కలిగించెను. నేడిది మన మోటారు వాహనముల చట్టములో కూడ నిర్వచింపబడినది. అరువదియవ నిమిషమున ఏదో తలుపు మూసికొనునని దీని అర్థము కాదు. ఆలస్యమైన ప్రతి నిమిషమును రోగి బలమును హరించునని భావము. రహదారి ప్రమాదములలో మరణించువారిని మొదటి గంటలో ఆసుపత్రికి చేర్చగలిగినచో వారిలో సగము మందినైనను బ్రతికింపవచ్చునని మన న్యాయసంఘము 2006లో తన 201వ నివేదికయందు పేర్కొన్నది.

వ్యయము మూడు విధములు

గాయమునకగు ఖర్చు అనగానే ఆసుపత్రి బిల్లు మాత్రమే మనకు తోచును. నిజమునకు ఖర్చు మూడు చోట్ల జరుగుచున్నది.

మొదటిది, ఆసుపత్రికి చేరులోగా జరుగునది. ఆటో బాడుగ, ఒక ఆసుపత్రినుండి మరియొక ఆసుపత్రికి తిరుగుట, ప్రతిచోటను మొదటినుండి చేయు పరీక్షలు ఇందులో చేరును.

రెండవది, ఆసుపత్రిలో జరుగునది. జాతీయ నమూనా సర్వేవారు 2017–18లో జరిపిన 75వ విడత పరిశీలనను బట్టి, కాన్పులుగాక ఇతర కారణములచే ఆసుపత్రిలో చేరిన గ్రామీణునికి సగటున ప్రభుత్వాసుపత్రిలో రు. 4,290లు, ప్రైవేటు ఆసుపత్రిలో రు. 27,347లు ఖర్చయినవి. ఇవి అన్ని రోగములకు కలిపి తీసిన సగటు మొత్తములు. తలకు దెబ్బ తగిలి కృత్రిమశ్వాస యంత్రముపై నుంచబడిన రోగికి ఖర్చు ఈ సగటును ఎన్నో రెట్లు మించిపోవును. శస్త్రచికిత్స, ఎముకలో వేయు కడ్డీలు, పలకలు, రక్తము, సి.టి. స్కాను, తీవ్రచికిత్సా విభాగపు దినసరి రుసుము ఒక్కటొక్కటిగా పేరుకొనుచుండును.

మూడవది, ఇంటికి వచ్చిన తరువాత జరుగునది. ఇది బిల్లులో కనబడదు. రోగికి నెలల తరబడి కూలి లేదు. అతనిని కనిపెట్టియుండు భార్యకో తల్లికో కూడ కూలి లేదు. చేసిన అప్పునకు వడ్డీ పెరుగును. పిల్లవాని చదువు ఆగిపోవును. విత్తనముల అదను తప్పును. ప్రపంచ బ్యాంకు, సేవ్‌లైఫ్ ఫౌండేషన్ అను సంస్థతో కలిసి మన దేశములోని నాలుగు రాష్ట్రములలో జరిపిన పరిశీలనయొక్క ఫలితములు 2021లో వెలువడినవి. ప్రమాదమునకు గురియైన బీద కుటుంబములలో నూటికి 75కు మించి తమ రాబడి తగ్గిపోయినదని చెప్పినవి. పంచాయతీ సభ్యులకు ఈ మాట క్రొత్తగాదు. ప్రతి గ్రామమునందును ఇట్టి ఇండ్లు వారెరిగినవే కలవు.

ఒకే గాయము, రెండు దారులు

ఉదాహరణకొక సంగతి నూహింతము. ఒక యువకుడు సంధ్యవేళ మోటారు సైకిలుపై వచ్చుచు కల్వర్టు గోడను ఢీకొన్నాడు. మోకాలిక్రింది ఎముక విరిగి చర్మమును చీల్చుకొని వెలుపలికి వచ్చినది.

మొదటి దారి యిట్లుండును. చుట్టు చేరినవారు పోలీసు కేసు భయముచేత అరగంట తర్జనభర్జన పడుదురు. తరువాత అతనిని ఆటోలో కుదించి కూర్చుండబెట్టుదురు. దగ్గరనున్న చిన్న ఆసుపత్రికి తీసికొనిపోగా అక్కడ ఎముకల డాక్టరు ఉండడు. రెండవ ఆసుపత్రిలో ముందుగా డబ్బు కట్టుమందురు. బంధువులు విసిగి నాటుకట్టు కట్టింతురు. మూడవనాటికి గాయము చీము పట్టును. కట్టు బిగువునకు పాదమునకు రక్తము ప్రసరింపక వ్రేళ్లు నల్లబడును. అప్పుడు పెద్దాసుపత్రికి పరుగెత్తవలసివచ్చును. ఒకటి రెండు మారులు కాదు, నాలుగైదు శస్త్రచికిత్సలు జరుగును. తుదకు కాలు తీసివేయవలసిరావచ్చును. ఖర్చంతయు అయిన తరువాత చేతికి వచ్చునది ఊతకఱ్ఱ మాత్రమే.

రెండవ దారి వేరు. తెలిసినవాడొకడు శుభ్రమైన గుడ్డతో గాయమును అదిమి, కాలిని కదలకుండ కఱ్ఱకు కట్టి, 108కి ఫోను చేయును. అంబులెన్సు ఎముకల డాక్టరున్న ఆసుపత్రికే నేరుగా తీసికొనిపోవును. చేరిన వెంటనే ధనుర్వాత నివారణపు సూదిమందు, చీము పట్టకుండ యాంటీబయాటిక్ మందు ఇత్తురు. ఆలస్యము లేకుండ గాయమును బాగుగ కడిగి, చచ్చిన కండను తొలగించి, ఎముకను నిలుకడ చేయుదురు. కొన్ని నెలలకు అతడు తన కాళ్లపై నిలిచి పొలమునకు పోగలడు.

గాయమొకటే. రెండవ దారిలో ఖర్చు తక్కువ, ఫలితము మేలు. ఈ భేదములో అధికభాగము ఆసుపత్రి గడప త్రొక్కుటకు ముందే, అనగా గ్రామములోనే నిర్ణయమైపోయినది. దీనినే సభ్యులు ముఖ్యముగా గుర్తింపవలెను.

ఎముకలు కట్టు పరంపరాగత వైద్యులపై గ్రామీణులకు గౌరవము కలదు. చర్మము చిట్లని చిన్న బెణుకుల విషయములో ఎవరి నమ్మకము వారిది. కాని ఎముక చర్మమును చీల్చుకొని వచ్చినను, వ్రేళ్లు చల్లబడినను, తిమ్మిరెక్కినను, రంగు మారినను ఒక్క గంటయైనను ఆగక ఆసుపత్రికి పంపవలెను. వైద్యులు కట్టిన కట్టు విషయములో కూడ ఈ నియమమే వర్తించును.

అధిక వ్యయము మంచి ఫలితమునకు గుర్తేనా?

ఎక్కువ ఖర్చు చేసినచో ఎక్కువ మేలు జరుగునని కొందరును, ఆసుపత్రులన్నియు నొక్కటేయని మరికొందరును అనుకొందురు. ఈ రెండు అభిప్రాయములలోను సగమే నిజమున్నది.

అమెరికాలో 14 రాష్ట్రములందలి 69 ఆసుపత్రులలో జరిగిన ఒక పరిశీలన 2006లో ప్రకటింపబడినది. ప్రమాద గాయములకై ప్రత్యేకముగా ఏర్పడిన కేంద్రములలో చికిత్సపొందినవారిలో నూటికి 7.6 మంది ఆసుపత్రిలో మరణించిరి. అట్టి ఏర్పాట్లు లేని ఆసుపత్రులలో నూటికి 9.5 మంది మరణించిరి. ఒక సంవత్సరము గడచునప్పటికి ఈ అంకెలు వరుసగా 10.4, 13.8 అయినవి. ప్రత్యేక కేంద్రములలో ఖర్చు హెచ్చే. అయినను ఆ అదనపు వ్యయము వ్యర్థము కాలేదనియు, గాయము తీవ్రమైన కొలదిని, రోగి వయస్సు తక్కువయైన కొలదిని ఆ ఖర్చునకు ప్రతిఫలము హెచ్చుగా నున్నదనియు అదే పండితవర్గము 2010లో లెక్క తేల్చినది. చిన్న గాయములకు పెద్ద కేంద్రమునకు పోవుట దండుగ. పెద్ద గాయమును చిన్న చోట నిలిపియుంచుట ప్రాణాపాయము. ఈ పరిశీలన వలన మనకు తెలియు సూత్రమిది.

అల్పవ్యయముతో గొప్ప మేలు జరుగు మార్గములును కలవు. 40 దేశములలో 20,211 మంది క్షతగాత్రులపై జరిగిన ఒక పరీక్ష ఫలితములు 2010లో వెలువడినవి. ఇందులో మన దేశపు ఆసుపత్రులు కూడ పాల్గొన్నవి. రక్తస్రావమును తగ్గించు ట్రానెక్సామిక్ ఆమ్లమను చౌకమందును సూదిద్వారా ఇచ్చినప్పుడు మరణములు నూటికి 16 నుండి 14.5కు తగ్గినవి. మొదటి గంటలో ఇచ్చినచో గుణము మిక్కిలి హెచ్చు. మూడు గంటలు దాటిన తరువాత ఇచ్చినచో మేలు జరుగకపోగా కీడు కలుగవచ్చును. అదే మందు, అదే ధర. కాలము మారుటచే ఫలము తారుమారైనది.

ప్రభుత్వము కల్పించిన సదుపాయములు

డబ్బు లేదను కారణముచే వెనుదీయుటకు ముందు ఈ క్రింది సదుపాయములను సభ్యులు తెలిసికొని పదిమందికి తెలుపవలెను.

అంబులెన్సు: 108 సేవ 2005 ఆగస్టు 15వ తేదీన హైదరాబాదులో ప్రారంభమై క్రమముగా ఉభయ రాష్ట్రముల గ్రామములకు వ్యాపించినది. ఇది ఉచితము. పిలుచువారు ఊరి పేరు, దగ్గరనున్న గుర్తు, గాయపడినవారి సంఖ్య స్పష్టముగా చెప్పవలెను.

అత్యవసర చికిత్స: ప్రభుత్వ ఆసుపత్రియైనను, ప్రైవేటు ఆసుపత్రియైనను క్షతగాత్రునికి ముందుగా ప్రాణరక్షణ చికిత్స చేయవలెననియు, పోలీసు లాంఛనములు తరువాతనే అనియు సుప్రీంకోర్టు 1989లో పరమానంద్ కటారా కేసులో తీర్పు చెప్పినది.

రహదారి ప్రమాదములకు నగదు లేని చికిత్స: కేంద్ర ప్రభుత్వము 2025 మే నెలలో ప్రకటించిన పథకము ప్రకారము మోటారు వాహన ప్రమాదమున గాయపడిన ప్రతివ్యక్తికిని, ప్రమాదము జరిగిన నాటినుండి 7 దినములవరకు, రు. 1,50,000ల వరకు నియమిత ఆసుపత్రులలో నగదు చెల్లింపకుండ చికిత్స పొందుటకు హక్కు కలదు. ధనికుడు, బీద అను భేదము లేదు. అయితే పోలీసువారు ప్రమాదమును ధ్రువపరుపవలసియుండును. కావున పోలీసులకు తెలుపకుండుట ఈ సహాయమును చేజేతుల జారవిడుచుకొనుటయే యగును. చెట్టుపైనుండి పడినవారికి, యంత్రములో గాయపడినవారికి ఈ పథకము వర్తింపదు.

ఆరోగ్య పథకములు: ఉమ్మడి రాష్ట్రమున 2007 ఏప్రిల్ 1వ తేదీన మూడు జిల్లాలలో మొదలైన ఆరోగ్యశ్రీ పథకము నేడు ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్య సేవ అను పేరున, తెలంగాణములో రాజీవ్ ఆరోగ్యశ్రీ అను పేరున నడచుచున్నది. వ్యయపరిమితి 2023 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో రు. 25 లక్షలకు, తెలంగాణములో రు. 10 లక్షలకు పెంచబడినది. అర్హతగల కుటుంబములకు అనేక ప్రమాద గాయముల చికిత్స ఇందులో చేరియున్నది. ఇది పథకములో చేరిన ఆసుపత్రులలో మాత్రమే లభించును. ఆసుపత్రిలో చేరిన వెంటనే పథకము తరపున నియమింపబడిన సహాయకునితో మాటలాడవలెను. డబ్బు చెల్లించిన తరువాత అడుగుటకంటె చెల్లింపకముందే అడుగుట మేలు. 104కు ఫోనుచేసి కూడ వివరములు తెలిసికొనవచ్చును.

ప్రమాద బీమా: 2015లో నెలకొల్పబడిన ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో 18 మొదలు 70 సంవత్సరముల వయస్సువరకు గల బ్యాంకు ఖాతాదారులెవరైనను చేరవచ్చును. 2022 జూన్ 1 నుండి సాలుకు చందా రు. 20లు. ప్రమాదమున మరణించినను, రెండు కన్నులో రెండు చేతులో రెండు కాళ్లో పోయినను రు. 2 లక్షలు, ఒక కన్నుగాని, ఒక చేయిగాని, ఒక కాలుగాని పోయినచో రు. 1 లక్ష లభించును. రహదారి ప్రమాదములకే గాక ఇతర ప్రమాదములకును ఇది వర్తించును.

నష్టపరిహారము: ఢీకొని పారిపోయిన వాహనము దొరకనప్పుడు మరణమునకు రు. 2 లక్షలు, తీవ్రగాయమునకు రు. 50,000లు చెల్లించు పద్ధతి 2022 ఏప్రిల్ 1 నుండి అమలులో నున్నది. వాహనము తెలిసినచో మోటారు ప్రమాదముల ట్రిబ్యునలులో ఆరు నెలలలోగా దరఖాస్తు చేసికొనుట క్షేమము. ప్రథమ సమాచార నివేదిక నకలు, గాయపు ధ్రువపత్రము, ఆసుపత్రి బిల్లులు, మందుల రసీదులు ఒక్క కాగితమైనను పారవేయక ఒకచోట భద్రపరుపవలెను.

సహాయము చేయువానికి భయము వలదు

“తీసికొనిపోయినచో మనమీదికే కేసు వచ్చును” అను భయము ఎన్నో ప్రాణములను బలిగొన్నది. ఈ భయమునకిప్పుడు తావులేదు. సుప్రీంకోర్టు 2016 మార్చి 30వ తేదీన సహాయకుల రక్షణకై ఏర్పడిన నియమములకు చట్టబలము కలిగించినది. 2019లో మోటారు వాహనముల చట్టమును సవరించి 134-ఎ అను క్రొత్త విభాగమును చేర్చినారు. దీనికి సంబంధించిన నిబంధనలు 2020లో వెలువడినవి. సదుద్దేశముతో సహాయము చేసినవానిపై కేసుగాని దావాగాని ఉండదు. తన పేరు, చిరునామా చెప్పుమని అతనిని నిర్బంధింపరాదు. ఆసుపత్రివారు అతనిని నిలిపియుంచరాదు. అతనిని డబ్బు కట్టుమనరాదు. పైగా తీవ్రముగా గాయపడినవారిని బంగారు గంటలో ఆసుపత్రికి చేర్చినవారికి కేంద్ర ప్రభుత్వమిచ్చు బహుమానము 2025లో రు. 5,000ల నుండి రు. 25,000లకు పెంచబడినది. ఈ సంగతిని దండోరా వేయించియైనను అందరకు తెలుపవలెను.

చేయదగినవి, చేయరానివి

రక్తము కారుచున్నచో శుభ్రమైన గుడ్డను మడిచి గాయముపై గట్టిగా అదిమి పట్టవలెను. మాటిమాటికి తీసి చూడరాదు. కాలుసేతుల గాయమునుండి రక్తము ధారగా కారుచు, అదిమినను ఆగనప్పుడు మాత్రము వెడల్పైన గుడ్డను గాయమునకు పైభాగమున బిగించి, బిగించిన సమయమును వ్రాసియుంచవలెను. సన్నని త్రాడు, తీగ వాడరాదు.

చెట్టుపైనుండి గాని మేడపైనుండి గాని పడినవానిని, మెడ, నడుము నొప్పియనువానిని లేవదీసి కూర్చుండబెట్టరాదు. వెన్నెముక విరిగియున్నచో ఆ కదలికవలననే కాళ్లు శాశ్వతముగా పడిపోవచ్చును. నలుగురు కలిసి తల, మెడ, నడుము ఒకే వరుసలో నుండునట్లు పట్టి, వెడల్పైన బల్లపై గాని తలుపు రెక్కపై గాని పరుండబెట్టవలెను.

స్పృహలేక శ్వాస మాత్రము ఆడుచున్నవానిని తలయు మెడయు కదలకుండ ప్రక్కకు ఒత్తిగిల్లజేయవలెను. నోట నీరుగాని, కాఫీగాని, సారాగాని పోయరాదు. కాలిన గాయముపై చల్లని నీటిని ఇరువది నిమిషములు ధారగా పోయవలెను. సిరా, పేస్టు, పేడ పూయరాదు. వ్రేలు తెగిపడినచో దానిని శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో నుంచి మూతికట్టి, ఆ సంచిని మంచుముక్కల మధ్యనుంచి రోగితోపాటు పంపవలెను. మంచును నేరుగా వ్రేలికి తగులనీయరాదు. తగిన కాలములో చేరినచో దానిని మరల అతికించుటకు అవకాశము కలదు.

ఇంటికి వచ్చిన తరువాత

శస్త్రచికిత్స జయప్రదమైనంతమాత్రమున పని పూర్తి కాలేదు. కీళ్లు బిగిసిపోకుండ వైద్యులు చెప్పిన వ్యాయామములు ప్రతిదినము చేయింపవలెను. నడుము విరిగి మంచమున నున్నవానిని రెండేసి గంటలకొకమారు ప్రక్కకు త్రిప్పనిచో పుండ్లు పడును. వెన్నెముక గాయమును దాటి బ్రతికినవారు ఈ పుండ్లవలనను, మూత్రకోశపు చీమువలనను మరణించుట కలదు. ఈ సేవకు ఖర్చు స్వల్పము. శ్రద్ధ మాత్రము హెచ్చుగా కావలెను. ఆశా కార్యకర్త, ఆరోగ్య ఉపకేంద్రపు సిబ్బంది అట్టి ఇంటికి పోవుచున్నారో లేదో సభ్యులు విచారింపవలెను.

అంగవైకల్యము మిగిలినచో ధ్రువపత్రము పొందుటలో ఆ కుటుంబమునకు తోడ్పడవలెను. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుండి దివ్యాంగుల పింఛను నెలకు రు. 6,000లకు, మంచమునకే పరిమితమైన పూర్ణవికలాంగులకు రు. 15,000లకు పెంచబడినది. ఆ కాగితము లేనిచో ఈ పింఛను రాదు.

పంచాయతీలు పూనుకొనవలసిన పనులు

ఇవన్నియు విన్న తరువాత పంచాయతీవారు “మా నిధులెంత? మా శక్తియెంత?” అని అడుగవచ్చును. క్రింది పనులలో పెక్కింటికి ధనముకంటె శ్రద్ధయే ముఖ్యము.

మొదట, గ్రామమునకు దగ్గరనున్న ఆసుపత్రులలో దేనియందు ఎముకల డాక్టరు, సి.టి. స్కాను, రక్తనిధి రాత్రింబవళ్లు ఉండునో, ఏది నగదులేని పథకములలో చేరియున్నదో విచారించి పట్టిక వ్రాయింపవలెను. దానిని పంచాయతీ కార్యాలయమునందు, బడిలో, బస్సు ఆగుచోట అంటింపవలెను. తీవ్రమైన గాయములకు పోవలసిన పెద్ద ఆసుపత్రి ఏదో కూడ అందు వ్రాయవలెను. విశాఖపట్టణమున కింగ్ జార్జి ఆసుపత్రి, గుంటూరు, కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రులు, తిరుపతిలో రుయా ఆసుపత్రి, వరంగల్లులో మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రి, హైదరాబాదులో ఉస్మానియా, గాంధీ ఆసుపత్రులు ఇట్టివి.

రెండవది, ప్రతి వాడలోను ఇద్దరు ముగ్గురు యువకులకు, మహిళాసంఘ సభ్యులకు ప్రథమచికిత్స నేర్పింపవలెను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారిని కోరినచో ఒక్క పూటలో నేర్పగలరు. పరుండబెట్టి మోయుటకు ఒక బల్లను, శుభ్రమైన కట్టుగుడ్డలను పంచాయతీ కార్యాలయమున సిద్ధముగా నుంచవలెను.

మూడవది, స్వచ్ఛందముగా రక్తమిచ్చువారి జాబితాను రక్తవర్గముల వారీగా తయారుచేసి యుంచవలెను.

నాలుగవది, గ్రామమున ఎందరు ప్రమాద బీమాలో చేరిరో, ఎందరి రేషను కార్డులు, ఆధారు వివరములు సరిగా నున్నవో ఏటేట చూడవలెను. గాయపడిననాడు కాగితములకై వెదకుట కష్టము.

అయిదవది, ప్రమాదములు తరచుగా జరుగు మలుపులు, కల్వర్టులు గుర్తించి రోడ్ల శాఖవారికి వ్రాతమూలకముగా తెలుపవలెను. అడ్డుగోడలకు సున్నము కొట్టించుట, దీపము పెట్టించుట, ముండ్లచెట్లు నరికించుట పంచాయతీ చేతిలోని పనులే.

ఆరవది, నివారణను గూర్చి బోధింపవలెను. హెల్మెట్టు ధరించుటవలన మోటారు సైకిలు ప్రమాదములలో మరణములు నూటికి 42 వంతులు, తలగాయములు నూటికి 69 వంతులు తగ్గునని అనేక పరిశీలనలను క్రోడీకరించి వైద్యపండితులు తేల్చినారు. ఒక్క హెల్మెట్టు ధర ఒక్క దినపు తీవ్రచికిత్సకగు ఖర్చులో ఎన్నవ వంతో సభ్యులే లెక్కించుకొనవచ్చును. నూర్పిడి యంత్రములకు రక్షణ కప్పులుండునట్లు చూచుటకు 1983లోనే ప్రమాదకర యంత్రముల చట్టము ఏర్పడినది. గీతకార్మికులకై తెలంగాణ ప్రభుత్వము 2024 జూలైలో కాటమయ్య రక్షణ కవచమను పేరున మోకు పరికరములను పంచుట ప్రారంభించినది. ఇట్టి సాధనములు ఊరిలో వాడుకలోనికి వచ్చునట్లు ప్రోత్సహింపవలెను.

ఈ ఏర్పాట్లన్నియు జరిగినను ప్రమాదములు పూర్తిగా ఆగిపోవు. పథకములు ప్రతి ఖర్చును భరింపవు. తోడువచ్చినవారి తిండి, దారిఖర్చు, పోయిన కూలి ఆ కుటుంబముపైననే పడును. అట్టి సమయమున ఇరుగుపొరుగు వారు పొలము దున్నిపెట్టుట, పిల్లలకు అన్నము పెట్టుట మన పల్లెల మంచి సంప్రదాయము. దానిని పంచాయతీ ముందుండి నడిపించినచో అప్పుకై తలుపులు తట్టవలసిన అగత్యము కొంతవరకైనను తప్పును.

రాబోవు గ్రామసభలో ఈ విషయమును చర్చనీయాంశముగా చేర్చవలసినదిగా పంచాయతీ సభ్యులను కోరుచున్నాము. ఆసుపత్రుల పట్టిక వ్రాయించుట, ప్రథమచికిత్స శిక్షణకు దినము నిర్ణయించుట, ఈ రెండు తీర్మానములతో ప్రారంభించినను చాలును. తక్కినవి క్రమముగా సమకూరును.